గడప దగ్గర ఒంటి తుమ్ము

1. మీటరు: పచ్చ

డాక్టర్ రెహానా గారూ, రోజూ పొద్దున్నే ఊదుడు మీటరు ఊది, ముల్లు ఏ రంగు మీద ఆగిందో రాసి, విశేషం ఏదైనా ఉంటే కింద రెండు లైన్లు రాయమన్నారు. రంగు రాయడం తేలికే, పచ్చయితే క్షేమం, పసుపయితే జాగ్రత్త, ఎరుపయితే మీ దగ్గరికి పరుగు. రెండు లైన్లలో ఆపడం మా పుట్టింటి వైపు ఎవరికీ చేతకాలేదు, నాకెక్కడినుంచి వస్తుంది?

విశేషం ఉంది. నిన్న మా ఇంటికి కుక్క వచ్చింది.

ఉబ్బసం మనిషి ఉన్న ఇంటికి, ఆ మనిషిని ఒక్క మాట అడగకుండా, కుక్కను చంకన పెట్టుకొచ్చే మొగుణ్ణి ఏమనాలో మీ వైద్యశాస్త్రంలో పదం ఉంటే చెప్పండి. నాకు తెలిసిన పదాలు ఇలాంటి చోట రాయదగ్గవి కావు.

మీరు వెన్నెలగుంటకు కొత్త కాబట్టి చెబుతున్నాను. మా ఆయన త్రిమూర్తులు మంచు తవ్వే ముఠాలో మనిషి. మొన్నటిదాకా వాళ్ళు గుంట అడుగున, గాలి నింపిన గుడారంలోనే వారాల తరబడి ఉండేవారు. ఈ కుక్క, బూరె, అక్కడే పుట్టి పెరిగింది. గుండ్రంగా, అప్పుడే నూనెలోంచి తీసిన రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు గుడారం ఎత్తేశారు. ముఠా పొద్దున్నే మన ఊరి గడప దాటి వెళ్ళి సాయంత్రం తిరిగొస్తోంది. ఊరికీ బయటి శూన్యానికీ మధ్య ఉన్న జంట తలుపుల గదిని మేం గడప అంటాం లెండి.

"ఒక్క నెల వకుళా, ఎవరో ఒకళ్ళు తీసుకునేదాకా," అన్నాడు మా ఆయన.

"ఎవరో ఒకళ్ళంటే ఎవరు?"

"అదే, ఎవరో ఒకళ్ళు."

సంసారం ఉన్న ఇల్లయితేనే జంతువును ఉంచుకోవచ్చని ఊరి నియమం. ముఠాలో మిగతా అందరూ హాస్టల్లో ఉండేవాళ్ళే. మా వరసలో ఒక ఇంట్లో పసిబిడ్డ, ఇంకో ఇంట్లో కవలలు. ఎవరూ తీసుకోకపోతే బూరెను వచ్చే ఓడలో భూమికి పంపేస్తారు. ఇక్కడ పుట్టినదాని ఎముకలు ఒంటి బరువు తెలియని ఈ నేలకు తగ్గట్టు పెరిగాయి. భూమి మీద దింపితే అది నాలుగు కాళ్ళ మీద లేచి నిలబడలేదు. ఆ తర్వాత ఏమవుతుందో మా ఆయన చెప్పబోయి ఆపేశాడు.

నేనింకా ఆలోచిస్తూ ఉండగానే అది ఒక్క గెంతులో పైకప్పు దీపాన్ని ముద్దుపెట్టుకుని, తాపీగా దిగుతూ నా కుట్టుబల్ల మీద కూర్చుంది.

2. మీటరు: పచ్చే గానీ అంచు మీద

బొచ్చు సంగతి భూమి మీద వేరు. అక్కడ రాలితే నేల మీద పడుతుంది, ఊడ్చుకుంటారు. ఇక్కడ దానికి కిందికి దిగే తొందరేమీ ఉండదు. పొద్దున్న రాలింది మధ్యాహ్నం అన్నం వేళకు నా కళ్ళముందు తిరుగుతూనే ఉంది.

మీరు ఫోనులో అన్నది రాసిపెట్టుకుంటున్నాను. అసలు గొడవ బొచ్చుతో కాదు, చర్మం మీద రాలే పొట్టుతో, చొంగతో. పడకగదిలోకి రానివ్వకూడదు. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. వారానికి ఒకసారి స్నానం. కుదిరితే కుక్కే లేకుండా చూసుకోవాలి. చివరిది మీరు చెప్పినప్పుడు మా ఆయన గోడవైపు చూస్తున్నాడు.

పడకగది గుమ్మం దగ్గర బూరెకు ఒక్కసారే చెప్పాను, రాకూడదని. అది గుమ్మం మీద గడ్డం ఆనించి పడుకుంది. ముక్కు మాత్రం లోపల ఉంది. ముక్కు సంగతి చెప్పలేదు కదా అన్నట్టు చూసింది.

5. మీటరు: పసుపు

ఈ రోజు నా వల్ల ఊరికి నష్టం జరిగింది. నా వల్ల అంటే నా ముక్కు వల్ల.

ఉబ్బసం ఉందని నాకు గాలి యంత్రం పక్క ఇల్లు ఇచ్చారు. తాజా గాలి ముందు మా ఇంట్లోకి వచ్చి, ఆ తర్వాత గొట్టంలోంచి గడప దగ్గరి సూట్ల గదిలోకి వెళుతుంది. గాలితో పాటు చప్పుళ్ళు కూడా వెళతాయి. నేను ఇక్కడ కూర్చుని సూట్ల లోపలి లైనింగులు కుడుతుంటే అక్కడ ముఠా మాటలు వినబడతాయి, నా మిషను చప్పుడు వాళ్ళకు వినబడుతుంది.

పొద్దున వాళ్ళు సూట్లు బిగించుకుని, హెల్మెట్లు పెట్టుకోబోతున్నారు. నాకు తుమ్మొచ్చింది. ఒక్కటే. ఇక్కడ మనిషి బరువు తక్కువ కాబట్టి తుమ్ముతో పాటు కుర్చీ కూడా జానెడు వెనక్కి జరిగింది.

గొట్టంలోంచి ముఠా మేస్త్రీ తాతబ్బాయి గారి గొంతు వినబడింది. "ఆగండర్రా. ఒంటి తుమ్ము."

అంతే. అందరూ కూర్చున్నారు. నీళ్ళ సీసాల మూతలు వరసగా తీసిన చప్పుడు. బయల్దేరేటప్పుడు ఒంటి తుమ్ము వినబడితే ఆగి, కాళ్ళు చేతులు సడలించి, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. భూమి మీదైతే అయిదు నిమిషాల పని. ఇక్కడ సూటు విప్పి, మళ్ళీ బిగించి, ఎక్కడా గాలి కారడం లేదని ఒకరిదొకరు చూసుకునేసరికి సగం పూట అవుతుంది.

మనుషులు చంద్రుడి మీదికొచ్చి ఇల్లు కట్టుకున్నారు డాక్టరు గారూ. తుమ్మును మాత్రం సంచిలో మర్చిపోకుండా తెచ్చుకున్నారు. నాకు నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో తెలియలేదు. రెండూ చేశాను.

9. మీటరు: పసుపు

మూడు రోజులుగా అదే వరస. వాళ్ళు హెల్మెట్లు అందుకునే సమయానికి నా ముక్కుకు ఎవరో కబురు పంపుతున్నట్టుంది.

ముఠా కుర్రాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. బొచ్చు ఉంటేనే కదా గొడవ, బూరెకు గుండు కొట్టించేద్దామని. నేను నిద్ర లేచేసరికి పని అయిపోయింది. తోక చివర మాత్రం కుచ్చులా వదిలేశారు, అందం కోసమట. బూరె సిగ్గుపడి బల్ల కిందికి దూరింది. చలికి వణుకుతుంటే పాత లైనింగు గుడ్డతో చొక్కా కుట్టి తొడిగాను. నేను దానికి చొక్కా కుట్టిన సంగతి మా ఆయనకు చెప్పకండి, మెత్తబడ్డానని అనుకుంటాడు.

పొట్టు మరింత బాహాటంగా రాలుతోంది. తుమ్ములు పెరిగాయి.

11. మీటరు: పసుపు

ఊరి మేనేజరు కృత్తిక గారు స్వయంగా వచ్చారు. గుమ్మంలో నిలబడే మాట్లాడారు. అందరూ నాతో అలాగే మాట్లాడతారు. అత్తరు, అగరొత్తి, తిరగమోత, ఏది నాకు పడదో తెలియక చుట్టుపక్కలవాళ్ళు నా దగ్గరికి రావడమే మానుకున్నారు. తప్పు వాళ్ళది కాదు.

"వకుళ గారూ, మీరు తుమ్మితే ముఠా ఆగుతోంది. ముఠా ఆగితే మంచు తగ్గుతోంది. మంచు తగ్గితే నీళ్ళు తగ్గుతాయి. రేపటినుంచి జంతువుల స్నానాలు బంద్."

"స్నానం లేకపోతే నాకు తుమ్ములు ఎక్కువవుతాయండీ."

"ఎక్కువైతే ముఠా ఇంకా ఎక్కువ ఆగుతుంది."

"ఆగితే ఇంకా తక్కువ నీళ్ళు."

ఆవిడ వేళ్ళ మీద మరోసారి లెక్కపెట్టుకున్నారు. ఈ గొలుసుకు ఎక్కడో ఒకచోట ముడి విప్పాలి, లేదంటే ఓడ వచ్చినప్పుడు కుక్క పేరు రాస్తానని చెప్పి వెళ్ళారు. ఓడ రావడానికి ఎన్నో రోజులు లేవు. బూరె ఆవిడ బూట్లు వాసన చూసి, ఏమీ బాగాలేనట్టు నా దగ్గరికి వచ్చింది.

తుమ్మును గొట్టంలో పడకుండా ఆపుదామంటే గొట్టం మూస్తే సూట్ల గదికి గాలి ఉండదు. దిండులో తుమ్మి చూశాను. దిండు కూడా బూరె పడుకున్నదే.

13. మీటరు: పసుపు

కొత్త ఉపాయం. తాతబ్బాయి గారి లెక్కలో ఒంటి తుమ్మే చెడ్డది, జంట తుమ్ములు శుభం. కాబట్టి నేను ఒకటి తుమ్మగానే వెంటనే రెండోది తుమ్మితే సరి. మా ఆయన దగ్గరుండి సాధన చేయించాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మీద ఇంత శ్రద్ధ పెట్టడం ఇదే మొదలు.

పొద్దున మొదటిది వచ్చింది. వెంటనే రెండోది నేనే వేశాను. బాగా కుదిరిందనిపించింది.

గొట్టంలోంచి మేస్త్రీ గొంతు.

"వకుళమ్మా, రెండోది దొంగ తుమ్మమ్మా. ముక్కులోంచి రాలేదు, నోట్లోంచొచ్చింది."

"మీకెలా తెలుసు బాబాయ్?"

"ఇన్నేళ్ళ బట్టీ ఇంటన్నానమ్మా. ఆ మాత్రం తెలీదేంటి? కూకోండర్రా."

మూతలు తీసిన చప్పుడు.

14. మీటరు: ఊదలేదు

ఇది ఆస్పత్రి మంచం మీదినుంచి రాస్తున్నాను. ఏం జరిగిందో మీకు తెలుసు, నన్ను చూసింది మీరే కదా. అయినా నా వైపునుంచి రాస్తాను.

దొంగ తుమ్ము చెల్లదన్నారు కాబట్టి మా ఆయన నిజం తుమ్ము తెప్పించాలనుకున్నాడు. వంటింట్లోంచి చిటికెడు మిరియాల పొడి కాగితంలో కట్టి, మొదటి తుమ్ము రాగానే ముక్కు దగ్గర పెట్టుకోమన్నాడు. ఉబ్బసం మనిషికి మిరియాల పొడి! ఇచ్చినవాడికి బుద్ధి లేదు, పుచ్చుకున్నదానికి ఉండాలి. ఓడ వచ్చే రోజు దగ్గర పడుతోందని ఇద్దరికీ కళ్ళు మూసుకుపోయాయి.

రెండో తుమ్ము రాలేదు. ఊపిరే రాలేదు. లోపల ఎవరో సంచి మూతి బిగించి కట్టినట్టయింది. పీల్చే మందు బల్ల అవతల ఉంది. గొట్టంలోంచి నా ఆయాసపు గురగుర వాళ్ళకు వినబడింది. బూరె మొరిగిందట, నాకు గుర్తు లేదు. నాకు గుర్తున్నది తాతబ్బాయి గారు సగం సూటుతో, ఒక కాలికి బూటు లేకుండా మా గుమ్మంలో నిలబడడం. ఆయనే నన్ను ఎత్తుకుని మీ దగ్గరికి పరిగెత్తారు. ఈ నేల మీద పరిగెత్తడమంటే ప్రతి అడుగుకూ పైకప్పుకు తల తగులుతుంది. ఆయన నుదుటి మీద ఇప్పటికీ రెండు బొప్పులున్నాయి.

మా ఆయన మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. భయపడ్డాను డాక్టరు గారూ. అబద్ధం ఎందుకు, చచ్చిపోతాననే అనుకున్నాను.

15. మీటరు: పసుపు

సాయంత్రం తాతబ్బాయి గారు చూడ్డానికి వచ్చారు. రెండుసార్లు చేతులు కడుక్కుని, గోడకు ఆనుకుని నిలబడ్డారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీవోడూ మేమూ అందరం అనేసుకున్నామమ్మా. బూరెని ఓడెక్కించేత్తాం. నీ పేణం కంటే ఎక్కువా అది?"

"మీరు మీరూ అనేసుకున్నారు. నన్నెవరడిగారు?"

ఆయన నుదుటి మీది బొప్పి తడుముకున్నారు.

"అది భూమి మీద లేవలేదు బాబాయ్. ఆ సంగతి మీకు తెలుసు. పోనీ నన్ను ఒక్క మాట అడగనివ్వండి. ఒంటి తుమ్ముకీ గుంటలో ప్రమాదానికీ సంబంధం ఏముంది?"

ఆయన కడుక్కున్న చేతులే మళ్ళీ తుడుచుకున్నారు.

"నా తమ్ముడు సూరిబాబు నీకు తెలీదులే. నువ్వు రాకముందు సంగతి. ఆరోజు గడపకాడ ఎవడో తుమ్మేడు. ఆలీసమైపోతందని నేనే పదండర్రా అన్నాను. గుంట అంచు ఇరిగి ఆడి మీద పడింది. ఆర్నెల్లు తవ్వినా ఆడు దొరకలేదు."

ఇన్నాళ్ళూ ఆ సీసాల మూతల చప్పుడు వింటూ నేను నవ్వుకున్నాను.

"సంబంధం లేదనే అనుకుందాం," అన్నారాయన. "ఉన్నా లేకపోయినా ఈళ్ళని బయటికి తీసుకెళ్ళేవోణ్ణి నేనే కదమ్మా."



16. మీటరు: పసుపు, పచ్చ వైపు

పొద్దున ఇంటికి పంపుతూ మీరు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాస్తున్నాను, తర్వాత మీరు చెప్పలేదని నేననకుండా. నాకు ఊపిరి ఆగింది మిరియాలతోనే, కానీ కుక్కతో లోపల ముందే వాచి ఉండబట్టి అంత పని చేసింది. డాక్టరుగా మీ సలహా కుక్కను పంపేయమనే. పంపనంటే మాత్రం వారం వారం కొద్దికొద్దిగా ఇంజెక్షన్లు ఇచ్చి ఒంటికి అలవాటు చేస్తారు, రోజువారీ పీల్చే మందు పెంచుతారు, బూరె ముందుగదిలోనే, స్నానం తప్పకూడదు, మీటరు ఎరుపులో పడిన రోజు వాదన లేకుండా పంపేయాలి. ఇదంతా పనిచేయడానికి నెలలు పడుతుంది. అంతవరకు తుమ్ములు తప్పవు.

పంపనన్నాను.

ఎందుకని మీరడిగారు, నేను మాట మార్చాను. ఇప్పుడు రాస్తాను. చిన్నప్పటినుంచి నా దగ్గరికి వచ్చేవాళ్ళు ముందు ఆగుతారు. చేతులు కడుక్కున్నామా, పూలు పెట్టుకున్నామా, ఇక్కడ నిలబడొచ్చా అని చూసుకుని వస్తారు. నన్ను చూడగానే ఏమీ ఆలోచించకుండా పరిగెత్తుకొచ్చింది ఇప్పటిదాకా ఇదొక్కటే. అది నాకు పడదు. అయినా అదంటే నాకు ఇష్టం, చాలా ఇష్టం. ఇంక దీనిమీద రెండు లైన్లు కాదు గదా, ఒక్క లైను కూడా రాయను.

కృత్తిక గారు విని నిట్టూర్చారు. ఓడ వచ్చేవరకు ముఠా రోజూ వేళకు గడప దాటితే నీళ్ళొస్తాయి, స్నానం వస్తుంది, కుక్క ఉంటుంది. ఒక్క పొద్దున ఆగినా పేరు రాసేస్తానన్నారు.

"నా చేతిలో ఉన్నది అంతే వకుళ గారూ," అన్నారు. ఈసారి లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని అన్నారు.

17. మీటరు: పచ్చ అంచు

ఈ రోజు సంగతి మొత్తం రాస్తాను.

పొద్దున్నే లేచి మందు పీల్చాను. తడిగుడ్డ ముక్కుకు కట్టుకున్నాను. బూరెను ముందుగది మూల కూర్చోబెట్టి నేను గాలి యంత్రం పక్కన నిలబడ్డాను. గొట్టంలో సూట్ల జిప్పుల చప్పుడు, మా ఆయన దగ్గు, ఎవరిదో నవ్వు. ముందు ఈ ఒక్క పొద్దున గడవనీ అనుకున్నాను.

హెల్మెట్లు అందుకున్నారు.

నాకు తుమ్మొచ్చింది. గుడ్డ ఎగిరిపోయేంత తుమ్ము. ఒక్కటే.

రెండోది రాలేదు. ఎంత ఎదురుచూసినా రాలేదు.

సీసాల మూతల కోసం చెవులు రిక్కించాను. బూరె కూడా చెవులు నిక్కబొడుచుకుని గొట్టం వైపే చూస్తోంది. అయిపోయింది, ఇంక పేరు రాసేస్తారనుకున్నాను.

"బిగించండర్రా," అన్నారు తాతబ్బాయి గారు.

ఆ గొంతు మామూలుగా లేదు. ఆ మాట అనడానికి ఆయన ఏం మింగారో నాకు తెలుసు. హెల్మెట్లు ఒక్కొక్కటీ బిగిసిన చప్పుడు వినబడింది. లోపలి తలుపు చక్రం తిరుగుతోంది. దాని అవతల మా ఆయన ఉన్నాడు, ఆ మూర్ఖపు మిరియాల మనిషి. తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఆ పెద్దమనిషి ఉన్నాడు. నాకేమైందో తెలియదు. గొట్టానికి నోరు ఆనించి అరిచాను.

"బాబాయ్, ఆగండి! నీళ్ళు తాగి వెళ్ళండి!"

చక్రం ఆగింది.

"ఒక్క గుక్క తాగండి బాబాయ్. కాసేపు కూర్చుని వెళ్ళండి. కుక్క సంగతి నేను చూసుకుంటాను. నా మాట వినండి!"

నేనేనా ఈ మాటలు అంటున్నది? ఇన్నాళ్ళూ నవ్వింది నేనేనా?

హెల్మెట్‌లోంచి ఆయన గొంతు డబ్బాలో మాట్లాడినట్టు వచ్చింది. "నీళ్ళు తెచ్చాక తాగుతాంలేమ్మా. ముందు బూరెకి తానం చేయించాలి గదా."

చక్రం మళ్ళీ తిరిగింది. తలుపు మూసుకుంది.

ఆ పగలు ఎలా గడిచిందో చెప్పమంటే చెప్పలేను. మిషను ముందు కూర్చుని ఒక చేతి తొడుగును రెండు వైపులా మూసి కుట్టేశాను. వెళ్ళి గడప లోపలి తలుపు ముందు నేల మీద కూర్చున్నాను. బూరె వచ్చి నా కాళ్ళకు ఆనుకుని పడుకుంది. దూరంగా ఉండమని దానికి చెప్పలేదు. కళ్ళు దురద పెట్టాయి, ముక్కు కారింది, తుడుచుకుంటూ కూర్చున్నాను. ఏ తుమ్ము వల్లా ఎక్కడా ఏ అంచూ విరగదని నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను. ఒక్క మాట కూడా లోపలికి దిగలేదు.

సాయంత్రం నాకంటే ముందు బూరెకు తెలిసింది. లేచి నిలబడింది. తర్వాత చక్రం కదిలింది.

తలుపు తెరుచుకోగానే లెక్కపెట్టాను. ఆరుగురు వెళ్ళారు. ఆరుగురూ వచ్చారు. మా ఆయన హెల్మెట్ తీసి, "ఏమైంది, నేల మీద కూచున్నావేంటి?" అన్నాడు. ఈ మనిషికి ఏది ఎప్పుడు అడగాలో ఎప్పటికీ తెలియదు. వెనక బండి నిండా మంచు. బూరె వాళ్ళందరి మీదికీ ఒకేసారి ఎగరబోయి పైకప్పుకు తగిలి మా ఆయన భుజం మీద పడింది.

తాతబ్బాయి గారు చివర వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. ఆయన కూడా ఆ పగలంతా భయపడుతూనే తవ్వారని చూడగానే తెలిసింది. ఏదో ఒకటి చెప్పాలని నోరు తెరిచాను. తుమ్మొచ్చింది. ఒక్కటే.

ఎవరూ ఆగలేదు. ఆకలి మీదున్నారు, సూట్లు విప్పి భోజనాల గదివైపు నడుచుకుంటూ పోయారు. తాతబ్బాయి గారు మాత్రం ఆగారు. చేతులు కడుక్కోకుండానే నా దగ్గరికి వచ్చి, తల మీద చెయ్యి వేసి, తుమ్మిన పసిపిల్లకు చెప్పినట్టు చెప్పారు.

"శతాయుస్సమ్మా."